చేతికీ గేర్‌బాక్సుకీ మధ్య

"గేరు సరిగ్గా పడటం లేదండీ, గేర్‌బాక్సు పోయినట్టేనా?"

పదేళ్లు దాటిన కారున్న ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న పుట్టక మానదు. సిగ్నల్ దగ్గర ఫస్ట్ వేశామనుకుంటే థర్డ్ పడుతుంది. క్లచ్ వదలగానే బండి కుదుపుతో ఆగిపోతుంది, వెనక హారన్లు మొదలవుతాయి. ఇంకో కారులో రివర్స్ వేయాలంటే భుజం బలమంతా పెట్టి లాగాలి. మరో కారులో గేర్ రాడ్డు ఉన్నట్టుండి పట్టు వదిలేసి, ఎటు నెడితే అటు ఊరికే వాలిపోతుంది. గేర్‌బాక్సు దించడమంటే కారును పైకెత్తి, చక్రాల షాఫ్టులు ఊడదీసి, క్లచ్ దాకా విప్పే పని. ఆ ఖర్చు తలచుకుని పాత కారును అయినకాడికి అమ్మేసుకునేవాళ్లు కూడా ఉన్నారు.

అలా అమ్మేసే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. డ్రైవర్ చెయ్యి కదిలించేది గేర్‌బాక్సును కాదు, గేర్ రాడ్డును. ఆ రాడ్డు నుంచి గేర్‌బాక్సు దాకా ఒక దారి ఉంది. అందులో రెండు కేబుళ్లు, నాలుగు బుష్‌లు, కొన్ని క్లిప్పులు ఉంటాయి. గేర్‌బాక్సులోని పళ్లచక్రాలు నూనెలో మునిగి, ఇనప డబ్బాలో భద్రంగా ఉంటాయి. ఈ దారికి ఆ రక్షణ లేదు. ఇంజన్ వేడి, వాన నీళ్లు, దుమ్ము, ఎలుకలు అన్నీ దానికి తగులుతాయి. పాత కారులో ముందు అరిగేది, తుప్పుపట్టేది ఇదే. అందుకని గేర్‌బాక్సు మీద చెయ్యి వేసే ముందు ఈ మధ్యదారిని చూడాలి. చూడటానికి పెద్ద పరికరాలు కూడా అక్కర్లేదు.

దారి ఎందుకు పొడుగైంది

పాత జీపులో గేర్ రాడ్డు నేల మీంచి నేరుగా పైకి వస్తుంది. గేర్‌బాక్సు సరిగ్గా దాని కిందే ఉంటుంది కాబట్టి, రాడ్డు కింది కొసే లోపలికి వెళ్లి గేర్లను కదుపుతుంది. స్టీరింగు పక్కన గేరు ఉన్న అంబాసిడర్, ప్రీమియర్ పద్మినిల్లో మధ్యలో కొన్ని రాడ్లు, లివర్లు ఉండేవి. అయినా గేర్‌బాక్సు డ్రైవర్ కాళ్లకు దగ్గర్లోనే కాబట్టి దారి పెద్దదేమీ కాదు.

చిన్న కారులో ఎక్కువమందిని కూర్చోబెట్టాలన్న పట్టుదలతో ఈ ఏర్పాటు మారిపోయింది. 1959లో బ్రిటన్‌లో వచ్చిన మినీ కారులో అలెక్ ఇసిగోనిస్ ఇంజన్‌ను అడ్డంగా తిప్పి పెట్టాడు, ముందు చక్రాలనే నడిపించాడు. 1964లో ఇటలీలో ఫియట్ ఇంజనీరు డాంటె జియకోజా ఆటోబియాంకి ప్రిములా అనే కారులో గేర్‌బాక్సును ఆ అడ్డ ఇంజన్ కొసకు తగిలించాడు. నేటి చిన్న కార్లు దాదాపు అన్నీ ఆ పద్ధతివే. 1983 డిసెంబర్‌లో వచ్చిన మారుతి 800తో అడ్డ ఇంజను మన రోడ్ల మీద మామూలు సంగతైంది.

కూర్చునేవాళ్లకు చోటు పెరిగింది గానీ, గేర్‌బాక్సు బానెట్ కింద ఒక మూలకు వెళ్లిపోయింది. గేర్ రాడ్డు మాత్రం రెండు సీట్ల మధ్యే ఉంది. మారుతి 800లో ఈ రెంటినీ ఇనప రాడ్లతో కలిపారు. రాడ్డు గట్టిగా ఉంటుంది, సులువుగా చెడదు. దాని ఇబ్బంది వేరే. ఇంజను రబ్బరు మౌంట్ల మీద కూర్చుని ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఆ ఊపూ వణుకూ రాడ్డు వెంట వచ్చి డ్రైవర్ అరచేతికి చేరతాయి. కేబుల్ వంగుతుంది కాబట్టి వణుకును తనలోనే ఇముడ్చుకుంటుంది. పైగా బ్యాటరీ, ఎయిర్ ఫిల్టర్, స్టీరింగు అన్నిటినీ తప్పించుకుంటూ ఎటైనా వెళ్లగలదు. 1998లో వచ్చిన టాటా ఇండికా, హ్యుందాయ్ సాంట్రోల్లో గేరు వేసేది కేబుళ్లే. ఆ కార్లు నడిపిన టాక్సీ డ్రైవర్లలో గేర్ కేబుల్ మార్పించనివాళ్లు తక్కువ.

కేబుళ్లు రెండెందుకు? గేర్ రాడ్డుకు రెండు రకాల కదలికలున్నాయి. కుడి ఎడమలకు కదిపితే ఏ జత కావాలో చెబుతున్నాం: ఫస్ట్-సెకండా, థర్డ్-ఫోర్తా, ఫిఫ్త్-రివర్సా. ముందుకో వెనక్కో నెడితే ఆ జతలో ఏది కావాలో చెబుతున్నాం. మొదటి మాటను మోసేది సెలెక్ట్ కేబుల్. రెండోదాన్ని మోసేది షిఫ్ట్ కేబుల్. గేర్‌బాక్సు పైన వీటికి రెండు చిన్న లివర్లు ఉంటాయి. ఒకటి లోపలి కడ్డీని తిప్పితే ఇంకొకటి జరుపుతుంది. ఏది ఏ పని చేస్తుందనేది కారును బట్టి మారుతుంది.

ఇందులో ఒక చిన్న ఏర్పాటు జబ్బు కనిపెట్టడానికి బాగా పనికొస్తుంది. చాలా గేర్‌బాక్సుల్లో లోపల ఒక స్ప్రింగు ఉంటుంది. ఎవరూ పట్టుకోకపోతే అది కడ్డీని థర్డ్-ఫోర్త్ వరసలోకి తెచ్చి నిలబెడుతుంది. న్యూట్రల్‌లో గేర్ రాడ్డు తనంతట తానే మధ్యకు వచ్చి నిలబడటం మీరు గమనించే ఉంటారు. ఇప్పుడు సెలెక్ట్ కేబుల్ ఊడిపోయిందనుకోండి. రాడ్డును ఎంత ఎడమకు నెట్టినా గేర్‌బాక్సుకు ఆ కబురు అందదు. లోపల ఎప్పుడూ థర్డ్-ఫోర్త్ వరసే ఉంటుంది. ఫస్ట్ వేస్తే థర్డ్, సెకండ్ వేస్తే ఫోర్త్ పడతాయి. డ్రైవర్ గేర్‌బాక్సు పిచ్చిగా ప్రవర్తిస్తోందనుకుంటాడు. అది మాత్రం తనకు అందిన కబురు ప్రకారమే నడుచుకుంటోంది.

తీగకన్నా తొడుగే ముఖ్యం

తొడుగులో తీగ జారే ఇలాంటి కేబుల్‌కు 1896లో బ్రిటన్‌లో పేటెంట్ తీసుకున్నవాడు ఎర్నెస్ట్ మానింగ్టన్ బౌడెన్. సైకిల్ బ్రేకులకు అది బాగా పనికొచ్చింది. తీగతో దూరంగా ఉన్నదాన్ని లాగడం అప్పటికి కొత్తేమీ కాదు. వంపులు తిరుగుతూ వెళ్లే తీగతో లాగగలగడమే కొత్త. ఉత్త తీగను వంపు తిప్పి లాగితే అది తిన్నగా బిగుసుకుంటుందే గానీ అవతలి కొస కదలదు. దానికి తొడుగు వేసి, తొడుగు రెండు కొసలనూ కదలకుండా బిగిస్తే, తీగ వంపును వదలలేదు. అప్పుడు ఇటు ఎంత లాగితే అటు అంత కదులుతుంది.

బాగుచేసేవాళ్లు తరచూ మరిచిపోయేది ఇదే. పని చేసేది తీగ అని అందరూ అనుకుంటారు. తొడుగు కదలకుండా నిలబడితేనే తీగ పని చేయగలదు. గేర్‌బాక్సు దగ్గర ఒక రేకు బ్రాకెట్టు, దానికి తొడుగును పట్టి ఉంచే ఒక క్లిప్పు ఉంటాయి. ఆ క్లిప్పు ఊడినా బ్రాకెట్టు చీలినా, కేబుల్ కొత్తదైనా గేరు పడదు. తీగ జరగాల్సిన చోట తొడుగే జరిగి ఊరుకుంటుంది.

మోటారు సైకిల్ క్లచ్ వైరు లాగడం ఒక్కటే చేస్తుంది, తిరిగి వెనక్కు తెచ్చే పని స్ప్రింగుది. బజాజ్ చేతక్ స్కూటర్ నడిపినవాళ్లకు గుర్తుండే ఉంటుంది: ఎడమ చేతి పిడి తిప్పి గేరు మార్చేవాళ్లం, దాని లోపల రెండు గేర్ వైర్లు ఉండేవి. ఒకటి పై గేరుకు లాగితే రెండోది కింది గేరుకు లాగేది. సన్నని తీగ నెట్టలేదు, నెడితే మడతపడుతుంది. అందుకే ఇరువైపులా లాగడానికి రెండు తీగలు పెట్టారు.

కారు గేర్ కేబుల్‌లో ఒకే తీగ లాగుతుంది, నెడుతుంది కూడా. అలా నెట్టడానికి లోపలి తీగను లావుగా పేనుతారు. దాని చుట్టూ ఒక నున్నని ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది. తీగకూ గొట్టానికీ మధ్య ఖాళీ చాలా తక్కువ కాబట్టి, నెట్టినా పక్కకు మడతపడటానికి చోటు దొరకదు. గొట్టం చుట్టూ పొడవునా ఉక్కు తీగల వరస, దాని మీద నల్లటి ప్లాస్టిక్ తొడుగు. సైకిల్ బ్రేక్ కేబుల్ తొడుగులో స్ప్రింగులా చుట్టిన తీగ ఉంటుంది, ఇక్కడ అది పనికిరాదు. తీగను నెట్టినప్పుడు తొడుగు మీద పడేది సాగదీసే బలం. చుట్టలుగా ఉన్న తొడుగైతే సాగిపోతుంది.

లోపలి గొట్టానికి వాడే నున్నని ప్లాస్టిక్కుల్లో టెఫ్లాన్ ఒకటి, మన వంటింటి నాన్‌స్టిక్ పెనాలకు పూసేదే. 1938లో రాయ్ ప్లంకెట్ అనే రసాయనవేత్త ఫ్రిజ్‌లకు వాడే వాయువుల మీద పనిచేస్తుండగా అనుకోకుండా దొరికిన పదార్థమిది. ఈ గొట్టం మీద తీగ నూనె లేకుండానే జారుతుంది.

వంపుల లెక్క

కేబుల్ బిగుసుకుంటే ఎంత బలం తినేస్తుంది? ఇది తెలియాలంటే గోదావరి రేవులో పడవ కట్టే మనిషిని చూడాలి. నీటి ఉరవడికి పడవ లాగుతున్నా, అతను మోకును గుంజకు రెండు మూడు చుట్లు తిప్పి, మిగిలిన కొసను ఒంటి చేత్తో పట్టుకుని నిలబడతాడు. తాడుకూ గుంజకూ మధ్య రాపిడి అతని తరఫున పనిచేస్తుంది. ప్రతి చుట్టూ ముందు చుట్టు మిగిల్చిన బలాన్ని మళ్లీ కోస్తుంది. ఒక చుట్టు బలాన్ని ఆరో వంతుకు తగ్గిస్తే, రెండు చుట్లు ముప్పైయ్యారో వంతుకు తగ్గిస్తాయి. 18వ శతాబ్దంలో లియొనార్డ్ ఆయిలర్ దీన్ని లెక్కకట్టాడు. ఆ లెక్కలో విచిత్రం ఏమిటంటే, గుంజ సన్నదా లావుదా అన్నది అక్కర్లేదు. మొత్తం ఎంత చుట్టు తిరిగిందన్నదే ముఖ్యం.

పడవవాడికి మేలు చేసే ఆ రాపిడే గేర్ కేబుల్‌లో కీడు చేస్తుంది. కేబుల్ వంపు తిరిగిన ప్రతిచోటా తీగ గొట్టం గోడకు ఒరుసుకుంటుంది. సీటు దగ్గర బయల్దేరి, నేల మీద పాకి, ముందు గోడలోంచి బయటికొచ్చి, ఇంజన్ చుట్టూ వంగి గేర్‌బాక్సు మీదికి దిగేసరికి వంపులన్నీ కలిపి అరచుట్టు నుంచి ఒక చుట్టు దాకా కావచ్చు.

ఒక లెక్క వేసి చూద్దాం. గేర్‌బాక్సు లివర్‌ను జరపడానికి 10 కిలోల బలం కావాలనుకుందాం. తీగ నున్నగా ఉండి, ఒరుసుకునే బలంలో పదో వంతే రాపిడి పుడుతుంటే, అరచుట్టు వంపు తర్వాత ఇవతలి కొసలో పెట్టాల్సింది 14 కిలోల లోపే. పూర్తి చుట్టైతే 19 కిలోల లోపు. తీగ తుప్పుపట్టి రాపిడి మూడు రెట్లయిందనుకోండి. అరచుట్టుకు దాదాపు 26 కిలోలు కావాలి. పూర్తి చుట్టుకు 66 కిలోలు. రాపిడి పెరిగింది మూడింతలే, పూర్తి చుట్టుకు కావాల్సిన బలం మాత్రం మూడింతలను మించిపోయింది. గేర్ రాడ్డు ఒక తులాదండం కాబట్టి మన చేతికి ఇందులో సుమారు ఐదో వంతే తెలుస్తుంది. అంటే నాలుగు కిలోల లోపు బలంతో పడే గేరుకు 13 కిలోలు పెట్టాలి. భుజంతో నెట్టడం అందుకే.

వంపులు చేసే నష్టం ఇంకొకటుంది. దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. తీగను లాగినప్పుడు అది వంపు లోపలి గోడకు ఆనుకుంటుంది. నెట్టినప్పుడు బయటి గోడకు ఆనుకుంటుంది. లాగడం నుంచి నెట్టడానికి మారేటప్పుడు తీగ ముందు ఈ గోడ నుంచి ఆ గోడకు జరగాలి. అంతసేపూ ఇవతలి కొస కదులుతుంది, అవతలి కొస కదలదు. గొట్టం అరిగి తీగ చుట్టూ అర మిల్లీమీటరు ఖాళీ ఏర్పడిందనుకుంటే, పూర్తి చుట్టు వంపులున్న కేబుల్‌లో ఇలా వృథా అయ్యే కదలిక మూడు మిల్లీమీటర్లు. ఇక్కడా వంపు విశాలమా ఇరుకా అన్నది లెక్కలోకి రాదు, మొత్తం తిరుగుడే వస్తుంది. ఇరుకు వంపు దగ్గర తీగ గొట్టాన్ని గట్టిగా ఒత్తి త్వరగా కోస్తుంది కాబట్టి ఆయుష్షు మాత్రం తగ్గుతుంది.

ఆ మూడు మిల్లీమీటర్లు చిన్నవేం కావు. న్యూట్రల్ నుంచి గేరులోకి రాడ్డు పిడి ఐదారు సెంటీమీటర్లు జరిగితే, కేబుల్ కొస జరిగేది సుమారు సెంటీమీటరు, సెంటీమీటరున్నర. గేర్‌బాక్సు లోపల గేరును పట్టే ఉంగరం జరిగేది సెంటీమీటరు లోపే. ఇంత తక్కువలో మూడు మిల్లీమీటర్లు పోతే గేరు సగమే పడుతుంది. సగం పడిన గేరు యాక్సిలరేటర్ వదలగానే బయటికి తన్నేస్తుంది. అలాగే నడుపుతూ పోతే పళ్ల అంచులు గుండ్రంగా అరిగి, అప్పటిదాకా బాగున్న గేర్‌బాక్సు నిజంగానే పాడవుతుంది.

వేలి కొసంత బుష్

కేబుల్ కొసలో ఒక కన్ను ఉంటుంది. గేర్‌బాక్సు లివర్ మీద గోళీ ఆకారంలో ఒక ఇనప గుండు ఉంటుంది. కన్ను గుండు మీద కూర్చుంటుంది. ఇనుమూ ఇనుమూ ఒరుసుకోకుండా మధ్యలో నైలాన్‌దో అలాంటి ఇంకో ప్లాస్టిక్‌దో ఉంగరం. అదే బుష్. చేతిలో పెట్టుకుంటే బరువు కూడా తెలియదు. పాత కారులో ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఎత్తి చూస్తే, ఆ బుష్ పసుపు తిరిగి, అంచులు పెళుసెక్కి ఉంటుంది. గోరుతో గీస్తే పొడి రాలుతుంది. పూర్తిగా పోయినదైతే ముక్కలు గేర్‌బాక్సు మీది మట్టిలో పడి ఉంటాయి. కన్ను గుండు మీద వదులుగా ఊగుతూ కనిపిస్తుంది, లేదా ఊడి పక్కన వేలాడుతుంది.

ప్లాస్టిక్‌ను పెళుసెక్కించేవి వేడి, తేమ. ప్లాస్టిక్కుల్లో అణువులు పొడవైన గొలుసుల్లా ఉంటాయి. కొన్ని రకాల్లో, వేడిలో నీటి ఆవిరి తగిలినప్పుడు ఆ గొలుసుల లంకెలు ఒక్కొక్కటీ తెగుతాయి. బయటికి ఆకారం మారదు, లోపల బలం పోతుంది. 2022 జూన్‌లో ఫోర్డ్ కంపెనీ అమెరికాలో సుమారు 29 లక్షల కార్లను వెనక్కు పిలిపించింది. కారణం ఈ కేబుల్ బుష్షే. అవి ఆటోమేటిక్ గేర్ కార్లు, వాటిలో ఒకే కేబుల్ ఉంటుంది. బుష్ చితికిపోతే డ్రైవర్ రాడ్డును పార్కింగ్‌లో పెట్టి దిగిపోతాడు, గేర్‌బాక్సు మాత్రం ఇంకేదో గేరులో ఉండిపోతుంది, బండి దానంతటదే దొర్లిపోవచ్చు. వేడి, తేమ కలిసి బుష్‌ను పాడుచేస్తున్నాయని తేల్చారు. బుష్‌లు మార్చి, వాటి మీద రక్షణగా మూతలు బిగించారు.

వేడికీ తేమకూ మన కోస్తా జిల్లాల్లో కొదవ లేదు. మేలో విజయవాడ ఎండ, ఏడాది పొడవునా విశాఖ, కాకినాడల ఉప్పు గాలి ఒక్కోటీ ఒక్కోలా పని చేస్తాయి. ఎండ ప్లాస్టిక్‌ను తింటుంది, ఉప్పు గాలి ఉక్కు తీగను తింటుంది. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లోనూ, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలోనూ ఎన్నో కార్లు నీళ్లలో నిలబడిపోయాయి. అలా మునిగిన కారులో సీట్లు ఆరబెడతారు, ఇంజన్ ఆయిల్ మారుస్తారు. గేర్ కేబుల్ తొడుగులోకి చేరిన బురద నీళ్లు ఎవరికీ గుర్తుకు రావు. ఆ నీళ్లు బయటికి పోయే దారి లేదు. గేరు బిగుసుకోవడం కొన్నాళ్ల తర్వాత మొదలవుతుంది కాబట్టి, దానికీ వరదకూ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు.

ఇంజన్ ఆపి చూడాలి

ఇక అసలు పరీక్ష. బండిని చదునుగా ఉన్న చోట నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాల కింద ముందూ వెనకా రాళ్లు పెట్టి, తాళంచెవి తీసేయండి. ఇంజన్ ఆగి ఉండగా క్లచ్ తొక్కి గేర్లన్నీ ఒక్కోటీ వేసి చూడండి. ఏదైనా గేరు అంచుకు వచ్చి ఆగిపోతే హ్యాండ్‌బ్రేక్ వదిలి రాళ్ల మధ్యే బండిని కొద్దిగా కదిపి, మళ్లీ బ్రేకు వేసి గేరు వేయండి, లోపల పళ్లకు పళ్లు ఎదురుపడి ఉండొచ్చు.

ఇంజన్ ఆపినప్పుడు అన్నీ సులువుగా పడి, స్టార్ట్ చేశాక మాత్రం మొరాయిస్తే కేబుళ్లను వదిలేయండి. తప్పు క్లచ్‌ది. పెడల్ పూర్తిగా తొక్కినా క్లచ్ విడిపోవడం లేదు. దీన్ని రూఢి చేసుకోవడానికి తేలికైన దారి ఉంది. ఇంజన్ నడుస్తుండగా క్లచ్ తొక్కి ఐదారు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. అప్పటికి లోపలి షాఫ్టు ఆగిపోయి ఉండాలి. ఇంకా గరగరమంటే అది తిరుగుతూనే ఉందన్నమాట.

ఇంజన్ ఆపినా బిగుసుగానే ఉంటే బానెట్ ఎత్తాలి. వేడి చల్లారాక, గేర్‌బాక్సు మీది కేబుల్ కొసలు రెండూ లివర్ల నుంచి ఊడదీయండి. చాలా కార్లలో చిన్న క్లిప్పు లాగితే వచ్చేస్తాయి. ఇప్పుడు ఆ లివర్లను చేత్తో కదపండి. గేరు పడినప్పుడు లోపల టక్కుమని ఒక గాడిలో కూర్చున్నట్టు వేళ్లకు తెలుస్తుంది. అలా తెలుస్తూ సాఫీగా కదిలితే గేర్‌బాక్సు బాగుంది. కేబుల్ విడిగా ఉండగా లోపల కూర్చున్నవాళ్లు గేర్ రాడ్డును కదిపితే ఇంకా బిగువు తెలుస్తోందా? అయితే బిగుసుకున్నది కేబుల్, లేదా రాడ్డు కింది కీలు. లివర్లే కదలనంటే మాత్రం లోపలేదో ఉంది. నా దృష్టిలో ఈ అధ్యాయం మొత్తంలో ముఖ్యమైన పరీక్ష ఇదే. ఇది చేయకుండా గేర్‌బాక్సు దించాలని ఎవరన్నా చెబితే, ముందు ఇది చేసి చూపించమని అడగండి.

రాడ్డు బిగుసుకోకుండా వదులైపోయిన కారులో పరీక్ష వేరు. కేబుళ్లు తగిలించే ఉంచి, ఒకరు లోపల రాడ్డు కదుపుతుంటే ఇంకొకరు బానెట్ కింద చూడాలి. తీగ కొస జరుగుతూ లివర్ జరగకపోతే బుష్ పోయింది. తొడుగు బ్రాకెట్టులో ముందుకూ వెనక్కూ గెంతుతుంటే క్లిప్పు పోయింది. బయట ఏదీ కదలకపోతే రాడ్డు కింద, సీట్ల మధ్య ఉన్న కొస ఊడింది. సైకిల్‌లానే ఇందులోనూ అన్నీ కంటికి కనిపిస్తాయి.

ఒకే ఒక్క గేరు, సాధారణంగా సెకండ్, మిగతావి బాగుండగా గరగరమంటుంటే కేబుల్ మీద అనుమానం అక్కర్లేదు. షిఫ్ట్ కేబుల్ అన్ని గేర్లకూ ఒకటే కాబట్టి తప్పు దానిదైతే అన్నిటా కనిపించాలి. ఆ గేరు వేగాన్ని సరిపెట్టే లోపలి ఉంగరం అరిగింది. పొద్దున్నే బిగువుగా ఉండి బండి వేడెక్కాక సర్దుకుంటే ముందు గేర్ ఆయిల్ మార్చి చూడాలి.

దారిలో కేబుల్ తెగితే కూడా ఇదే జ్ఞానం పనికొస్తుంది. ఇంజన్ ఆపి, బానెట్ ఎత్తి, లివర్లను చేత్తో సెకండ్ గేరులో పెట్టి, క్లచ్ పూర్తిగా తొక్కి స్టార్ట్ చేస్తే దగ్గర్లోని షెడ్డు దాకా నెమ్మదిగా వెళ్లొచ్చు. లివర్ల మీద చేతులున్నప్పుడు ఇంజన్ ఆగి ఉండాలి, చక్రాలకు రాళ్లు ఉండాలి. ఈ రెండింటిలో ఏది లేకపోయినా ఆ పని చేయకండి.

మార్చేటప్పుడు

బుష్ ఒక్కటే పోతే కేబుల్ మొత్తం మార్చనక్కర్లేదు. కొన్ని కార్లకు కంపెనీ బుష్‌ను విడిగా అమ్మదు, కేబుల్ మొత్తం కొనమంటుంది. అలాంటివాటికి బయటి బుష్‌లు దొరుకుతాయి, లేదా ఆటోనగర్‌లో లేత్ మీద నైలాన్ కడ్డీ నుంచి కొలతకు తిప్పించుకోవచ్చు. ఇత్తడి బుష్ ఎక్కువ కాలం ఉంటుందని కొందరు వేయిస్తారు. నేను నైలాన్‌కే ఓటు వేస్తాను. ఇత్తడి వణుకును మోసుకొస్తుంది, గ్రీజు ఆరితే గుండునే అరగదీస్తుంది. బుష్ అరిగితే మళ్లీ వేయొచ్చు, గుండు అరిగితే లివర్ మార్చాలి. కొత్త బుష్ వేసే ముందు పాతదాని ముక్కలన్నీ కన్నులోంచి ఏరి తీసి, గుండు మీది తుప్పును నీటి కాగితంతో రుద్ది, కొద్దిగా గ్రీజు పూసి, టక్కుమనేదాకా నొక్కాలి. ప్లాస్టిక్ టైతోనో రాగి తీగతోనో కట్టిన కట్టు ఇంటికి చేరేవరకే.

తుప్పుపట్టిన కేబుల్‌లో నూనె పోయించడం మామూలే. రెండు మూడు రోజులు హాయిగా ఉంటుంది. నూనె తుప్పును కరిగించదు, అరిగిన గొట్టాన్ని పూడ్చదు. బయటి దుమ్మును పట్టి లోపల ముద్ద చేస్తుంది. కేబుల్ లోపల బిగుసుకుందని తేలితే మార్చడమే మంచిది. ఒకటి పోతే రెండోదీ అదే వయసుది. సీట్ల మధ్య కన్సోల్ విప్పే శ్రమ ఎలాగూ పడుతున్నాం కాబట్టి రెండూ ఒకేసారి మార్చడం మేలు.

పాతది తీసే ముందు ఫోన్‌తో ఫొటోలు తీయండి. కేబుల్ ఎటు వెళ్లింది, ఎక్కడ వంగింది, ఏ క్లిప్పులో దూరింది, కొసలో మరల మీద నట్టు ఎక్కడుంది అన్నీ అందులో పడాలి. వంపుల లెక్క ఇక్కడే అక్కరకొస్తుంది. కొత్త కేబుల్‌ను తొందరలో అడ్డదారిన లాగి ఒక వంపు అదనంగా పెడితే, కొత్త తీగతో పాత బిగువును తెచ్చుకున్నట్టే. సైలెన్సర్ గొట్టానికి దగ్గరగా పోకుండా చూసుకోవాలి. వేడి రేకు ఉంటే దాన్ని మళ్లీ తప్పకుండా బిగించాలి. ముందు గోడలో కేబుల్ దూరే కన్నానికి రబ్బరు మూత ఉంటుంది. అది సరిగ్గా కూర్చోకపోతే వాన నీళ్లు లోపలికి కారి కార్పెట్ తడుస్తుంది. ఎలుకలకు కూడా అదే దారి.

చివరిది సర్దుబాటు. సూత్రం ఒకటే: గేర్‌బాక్సూ న్యూట్రల్‌లో ఉండాలి, రాడ్డూ న్యూట్రల్‌లో ఉండాలి, అప్పుడే కేబుల్ పొడవును బిగించాలి. 2000ల తొలినాళ్లలో మన దగ్గరికొచ్చిన మొదటి తరం ఆక్టావియా కారులో దీనికి చక్కని ఏర్పాటుంది. గేర్‌బాక్సు మీది కడ్డీని నొక్కి ఒక చిన్న లివర్‌తో అక్కడే తాళం పెట్టొచ్చు. లోపల గేర్ రాడ్డు కింద రెండు కన్నాలు ఎదురెదురుగా వస్తాయి, వాటిలో సన్నని డ్రిల్ బిట్ దూరిస్తే రాడ్డు కదలదు. అప్పుడు కేబుల్ కొసల్లోని స్ప్రింగు తాళాలు వదిలితే పొడవు దానంతట అదే సరిపోతుంది. ఇలాంటి వసతి లేని కార్లలో ఒకరు రాడ్డును నిటారుగా పట్టుకుంటే ఇంకొకరు నట్టు బిగిస్తారు.

బిగించాక ఇంజన్ ఆపి ఉంచే థర్డ్ వేయండి. గేరు పడ్డాక రాడ్డును ఇంకొంచెం ముందుకు నెట్టి చూస్తే, కొద్దిపాటి సందు మిగిలి ఉందని తెలుస్తుంది. ఫోర్త్‌లో వెనక్కు లాగినా అంతే సందు ఉండాలి. ఒక వైపు ఎక్కువ, రెండో వైపు సున్నా అయితే ఆ రెండో వైపు గేర్లు పూర్తిగా పడటం లేదు, నట్టును ఒకటి రెండు మరలు జరపాలి. తర్వాత ఫస్ట్, సెకండ్, ఫిఫ్త్, రివర్స్ వేసి చూసి, ఇంజన్ స్టార్ట్ చేసి, ఖాళీ రోడ్డు మీద ఒక్కో గేరులో యాక్సిలరేటర్ తొక్కి ఒక్కసారిగా వదలండి. బయటికి తన్నే గేరేదైనా ఉంటే అప్పుడే తెలుస్తుంది. కేబుళ్లు, బుష్‌లు కొత్తవై, సందు రెండు వైపులా సమంగా ఉండి, ఇంకా ఒక గేరు తన్నేస్తుంటేనో సెకండ్ గరగరమంటుంటేనో, గేర్‌బాక్సు దించాల్సిన వేళ వచ్చినట్టు.